నికర ప్రయాణికుడు

మా జీలుగువలసలో ఎవరూ వెళ్ళరు. వెళ్ళొస్తారు.

సంతకైనా, చుట్టాలింటికైనా, చివరికి ఎదురింటికి పెరుగు తోడు అడగడానికైనా "ఎల్లొస్తాను" అనే గడప దాటతారు. ఉత్త "ఎల్తాను" అంటే ఇంట్లోవాళ్ళు నోరు మూసేస్తారు. "పోతాను" అంటే చెంప పగులుతుంది. ఇందులో వింతేముంది, తెలుగువాళ్ళంతా అంతే కదా అంటారు మీరు. నేనూ అదే అన్నాను. నేను తెలుగు పంతుల్ని, ఆ మాత్రం నాకు తెలియదా? కానీ ఆ ఒక్క మాట పట్టుకుని రైలునే ఆపేసే మహానుభావులు ఉంటారని మాత్రం నాకు తెలియదు.

మాది చివరి స్టేషను. పట్టాలు మా ఊళ్ళోనే అయిపోతాయి, ఆపైన జీడితోటలు, కొండలు. పొద్దున్నే ఒక బండి కోటపాడు జంక్షనుకు వెళ్తుంది, సాయంత్రం అదే బండి తిరిగొస్తుంది. రెండు పెట్టెలు, ఒక ముసలి డీజిలు ఇంజను. కాగితాల మీద దానికి పెద్ద నంబరే ఉంది గాని, మేమంతా చిన్నబండి అంటాం. రోడ్డూ ఉంది, లేదనను. కొండ చుట్టూ తిరిగి తిరిగి వెళ్తుంది. మధ్యలో గెడ్డ ఒకటి, కొండవాగు. గట్టిగా నాలుగు వానలు పడితే గెడ్డ పొంగి రోడ్డెక్కుతుంది, బస్సు ఆగిపోతుంది. బస్సు నడిచిన రోజుల్లోనూ కండక్టరు మోపులు ఎక్కనివ్వడు.

మోపులంటే ఎర్నమ్మ అరిటాకుల మోపులు. ఎర్నమ్మ మొగుడు చిట్టియ్యకు మోకాళ్ళు పట్టేసి పని మానేశాడు. ఇంటికి ఉన్నదల్లా అరటితోట ఒక్కటే. వెలుగు రాగానే ఆకులు కోసి, తడిగుడ్డ చుట్టి, మోపులు కట్టి, చిన్నబండిలో కోటపాడు తీసుకెళ్ళి హోటళ్ళకు వేసి వస్తుంది. ఎండెక్కితే ఆకు వాడిపోతుంది. వాడిన ఆకు ఏ హోటలువాడూ ముట్టడు. నేను కోటపాడు హైస్కూల్లో పనిచేస్తాను గనక రోజూ ఆవిడ ఎదుటి బల్లే నాది. "మేస్టారూ, కాళ్ళు ముడుసుకోండి, నా ఆకులు కూకోవాల" అని రోజూ నన్ను గదమాయిస్తుంది. ఆకులకున్న గౌరవం నాకు లేదు ఆ పెట్టెలో.

ఇలా ఉండగా, దేశదేశాల్లో రైళ్ళంటే ఒక వెర్రి బయల్దేరింది. ఎక్కడో మంచుకొండ మీద రైలు వస్తుందంటే చూడ్డానికి జనం ముందురోజే వెళ్ళి చలిలో కాచుక్కూచుంటారట. రైలు కూతలు రికార్డు చేసుకుని ఇంట్లో కూచుని కళ్ళు మూసుకుని వింటారట. పాత టిక్కెట్లు అద్దాలు కట్టించి దేవుడి పటాల పక్కన పెడతారట. ఇంత ఆనందం ప్రపంచమంతా అనుభవిస్తుంటే మనం వెనకబడతామా అని రైల్వే పెద్దలు ఆలోచించి ఒక కొత్త విభాగం పెట్టారు. దాని పేరు రైలు రసాస్వాదన విభాగం. దానికి ప్రత్యేకాధికారి ఇందుశేఖర్ గారు.

ఆయన ప్రపంచంలో ఎక్కని రైలు లేదు. స్విట్జర్లాండులో కొండ ఎక్కే రైలు ఎక్కారు, జపానులో దూసుకుపోయే రైలు ఎక్కారు, సైబీరియాలో వారం రోజులు కూచుని వచ్చారు. అంతటి రైలు ప్రేమికుడు మా చిన్నబండిని పరిశీలించడానికి కారులో వచ్చారు.

స్టేషన్ మాస్టరు బెహరా వైకుంఠరావు గారు కొత్త చొక్కా వేసుకుని ఎదురెళ్ళారు. వైకుంఠరావు గారికి పైఅధికారి మీద దేవుడి మీదకన్నా భక్తి ఎక్కువ. రాసిన నియమం రాసినట్టు పాటిస్తారు. "తుమ్మరాదు" అని బోర్డు పంపిస్తే, జలుబు చేసిన రోజున సెలవు పెడతారు.

ఇందుశేఖర్ గారు ప్లాట్‌ఫారం మీద కుర్చీ వేయించుకుని వచ్చినవాళ్ళనల్లా ప్రశ్నించడం మొదలుపెట్టారు. ముందుగా దొరికింది ఎర్నమ్మే.

"అమ్మా, నీ ప్రయాణ లక్ష్యం?"

"ఏటి బాబూ?"

"ఎక్కడికి వెళ్తున్నావు?"

"కోటపాడు ఎల్లొస్తాను బాబూ."

ఆ తర్వాత సంతకి మేకను తోలుకెళ్ళేవాడు, పళ్ళు పీకించుకోడానికి వెళ్ళేవాడు, కూతురి పురిటికి వెళ్ళే ముసలమ్మ, నేను, అందరం అదే మాట. వెళ్ళొస్తాను, ఎల్లొస్తాను, ఎల్లొస్తాం. వినేకొద్దీ ఇందుశేఖర్ గారి కనుబొమలు పైకి లేచాయి.

"మాస్టారూ, మీరు భాషావేత్తలు కదా. ఈ పదంలో ఎన్ని క్రియలు ఉన్నాయి?" అని నన్నడిగారు.

"రెండండి. కానీ రెండోది మంగళం కోసం..."

"రెండు! ఒకటి వెళ్ళడం, ఒకటి రావడం. రెండూ పరస్పరం రద్దయిపోతాయి," అని ఆయన సంతోషంతో లేచి నిలబడ్డారు. "అంటే ఈ ఊళ్ళో స్థూల ప్రయాణం ఉంది గాని, నికర ప్రయాణం సున్నా! ప్రపంచంలో ఏ దేశంలోనూ ఇంత నిజాయితీగా ప్రయాణికుడే ఒప్పుకోలేదండీ!"

ఇదేదో పరాచికం అనుకుని నేను నవ్వాను. నవ్విన పాపానికి ఇవాళ్టిదాకా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ నెలలోనే ఉత్తర్వు వచ్చింది. వైకుంఠరావు గారు బల్లెక్కి నిలబడి చదివారు.

"ఇందుమూలముగా సకల ప్రయాణికులకు తెలియజేయునది ఏమనగా, జీలుగువలస వాస్తవ్యులు ఉదయమున ఎచ్చట నుండిరో సాయంకాలమున అచ్చటనే ఉందురని వారి నోటి ద్వారానే రుజువైనందున, తత్ఫలితమును బండి కదలకుండగనే సాధింపవచ్చునని రైలు రసాస్వాదన విభాగ సంఘము అభిప్రాయపడుచున్నది. కావున రేపటి నుండి సదరు బండి స్థిర రైలుగా నడుపబడును."

"నడపబడును అంటే?" అన్నాను.

"నిలపబడును అని," అన్నారు వైకుంఠరావు గారు వినయంగా. "మీరు పొద్దున్న ఎక్కుతారు, కూచుంటారు, సాయంత్రం దిగుతారు. జీలుగువలసలోనే ఉంటారు. రోజూ సాయంత్రం ఎక్కడుంటున్నారు మేస్టారూ? జీలుగువలసలోనే కదా?"

నాకు తెలిసిన వ్యాకరణంలో ఎక్కడా దీనికి సమాధానం లేదు.

ఉత్తర్వులో ఇంకా ఉంది. "ఏనాడైనను ఒక్క నికర ప్రయాణికుడు, అనగా తిరిగి రాకుండుటకై వెళ్ళు వ్యక్తి, 'వెళ్తాను, రాను' అని స్టేషన్ మాస్టరు ఎదుట స్వయముగా నోటితో పలికినచో బండి కదపవలెను. అతడు ఏ మార్గముననూ జీలుగువలసకు తిరిగి రానంత కాలము నికరము ఒకటిగా నిలుచును గాన బండి నడుచుచుండవలెను. తిరిగి వచ్చిన తక్షణమే నిలిపివేయవలెను. ఈ నియమమును సవరించు అధికారము సంఘమునకే కలదు. సంఘము తన అధ్యక్షుల సమక్షమున, జీలుగువలస ప్లాట్‌ఫారము మీదనే సమావేశము కావలెను." అధ్యక్షులు ఇందుశేఖర్ గారే అని వేరే చెప్పక్కర్లేదు.

ఆ వారమే ఆయన మళ్ళీ కారులో వస్తే ఎర్నమ్మ వెళ్ళి చేతులు జోడించింది.

"నానైతే ఎల్లొస్తాను బాబూ. ఆకులు రావు గదా? ఆకులు ఎల్లిపోతాయి. మరి ఆటికోసమైనా బండి కదపాల గదా?"

చుట్టూ ఉన్నవాళ్ళం హమ్మయ్య అనుకున్నాం. అంత పాయింటు ప్లీడరుకైనా తట్టదు. ఇందుశేఖర్ గారు చేతిలో కాగితం విప్పి చూసుకున్నారు.

"ఆకులు సామాను కిందికి వస్తాయి. సామాను ప్రయాణికుణ్ణి అనుసరించాలి. ప్రయాణికురాలే వెళ్ళనప్పుడు సామాను ఒంటరిగా వెళ్ళడం క్రమశిక్షణా రాహిత్యం."

మేకవాడు తన మేకను ముందుకు తోశాడు. "ఇది ఎల్లిపోద్ది బాబూ. సంతలో కసాయోడికి అమ్మేత్తాను. మరి రాదు. ఇదిగో, నీ నికరం."

ఇందుశేఖర్ గారు వంగి, మేక కళ్ళలోకి చూసి, "తిరిగి రానని నువ్వు స్వయంగా చెప్పగలవా?" అని అడిగారు. మేక ఆయన చేతిలో కాగితం నమిలింది. "ప్రకటన లేదు," అని ఆయన లేచారు.

స్థిర రైలు మొదలైంది. చెప్తే నమ్మరు, మొదటిరోజే గంట ఆలస్యంగా బయల్దేరింది.

అవును, నిలబడి ఉన్న బండే. కళ్ళెదురుగా ప్లాట్‌ఫారం పక్కనే ఉంది. అయినా గంట ఆలస్యం. కోటపాడు నుంచి లైను క్లియరు రాలేదని వైకుంఠరావు గారు అన్నారు. "కదలని బండికి లైనెందుకండీ?" అంటే, "కదలకుండా ఉండడానికైనా అనుమతి ఉండాలి కదా మేస్టారూ" అన్నారు. ఆనక మైకు పట్టుకున్నారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. జీలుగువలస నుండి జీలుగువలస మీదుగా జీలుగువలస వెళ్ళు ప్యాసింజరు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది."

డ్రైవరు కూర్మయ్య కూత వేశాడు. ఇంజనులో అతనికి ఇంక ఆ ఒక్క పనే మిగిలింది. బండి కదలకపోతే ప్రయాణానందం లోపిస్తుందని పైవాళ్ళు ముందే ఊహించి, కుదుపు సహాయకులు అని నలుగురిని వేశారు. వాళ్ళు కిందనుంచి గునపాలు పెట్టి పెట్టెను లయబద్ధంగా ఊపుతారు. కిటికీల అవతల దృశ్య సహాయకులు, కొండలూ తాడిచెట్లూ ఆవులూ రంగులేసిన పొడుగాటి గుడ్డ ఒకటి పట్టుకుని ఇంజను వైపు నుంచి వెనక్కి లాగుతారు. గుడ్డ చాలక రెండు కొసలూ కలిపి కుట్టేశారు.

ఎర్నమ్మ కిటికీలోంచి చాలాసేపు చూసింది. "మేస్టారూ, ఆ కొమ్మిరిగిన ఆవు ఎవల్దో గాని, ఇందాకట్నుంచీ మన ఎనకే వస్తంది."

మధ్యలో పళ్ళ నొప్పివాడు ఓర్చుకోలేక దిగి ఇంటికి పోబోతే టిక్కెట్ కలెక్టరు పట్టుకుని జరిమానా వేశాడు. నడుస్తున్న బండిలోంచి దిగడం నేరమట. సాయంత్రమయ్యాక వైకుంఠరావు గారు పచ్చజెండా ముడిచి, "జీలుగువలస! జీలుగువలస! దిగేవాళ్ళు దిగండి!" అని కేకేశారు. అందరం దిగాం. కొందరికి నిజంగానే నడుం నొప్పి వచ్చింది. మోపులో ఆకులు మాత్రం చుట్టుకుపోయి పసుప్పచ్చగా ఉన్నాయి. ఎర్నమ్మ వాటిని అక్కడే మేకకు వేసేసింది. ఆ మేకా మాతోపాటే వెళ్ళొచ్చింది మరి.

మర్నాడు బస్సు పట్టుకుని బడికి వెళ్తే మా హెడ్మాస్టరు గుర్రుమన్నాడు.

"నిన్న రాలేదేం?"

"బండిలో బయల్దేరానండి. వెళ్ళొచ్చినట్టు రైలువాళ్ళు ధ్రువీకరిస్తారు కూడా."

"వెళ్ళొస్తే వెళ్ళొచ్చావు. మధ్యలో ఒకసారి ఇక్కడికి రావాలి కదయ్యా!"

ప్రపంచంలో ఆ తేడా పట్టుకున్న మొదటి మనిషి ఆయనే. ఆయన్ని సంఘంలో వెయ్యాల్సింది.

నాకైతే బస్సుంది. ఎర్నమ్మ గతి ఏం కావాలి? ఆవిడ కోసం ఒక కట్ట ఆకులు గొడుగుగుడ్డలో చుట్టి బస్సెక్కాను. కండక్టరు గొడుగు విప్పమన్నాడు. మొదటి వారం కోటపాడు హోటళ్ళవాళ్ళు కబురు పెట్టారు, రెండో వారం ఊరుకున్నారు. మూడో వారం ఒక హోటల్లో ఆకు రంగు వేసిన కాగితం మీద ఇడ్లీ పెట్టారు. తినబుద్ధి కాలేదు. ఇంకో నెల ఇలాగే సాగితే హోటళ్ళన్నీ కాగితానికే అలవాటు పడతాయి. అప్పుడు బండి నడిచినా ఎర్నమ్మ తోట గొడ్డలికే. చిట్టియ్య అరుగు మీద కూచుని, అమ్ముడుపోక వాడిపోయిన ఆకుల్ని చూస్తూ నోరు విప్పడం మానేశాడు.

స్థిర రైలు కీర్తి మాత్రం దేశాలు దాటిపోయింది. రైలు ప్రేమికులు ఇద్దరు సముద్రాలు దాటి చూడ్డానికి వచ్చారు. స్వీడన్ నుంచి ఆండర్స్ అనే గడ్డపాయన, జపాన్ నుంచి మిజునో అనే పెద్దావిడ. గడ్డపాయన రోజంతా ఫోటోలు తీసి మురిసిపోయాడు. ముప్ఫయ్యేళ్ళలో ఫోటోలో చెదరని రైలు ఇదే మొదటిసారట. మిజునో గారు మాత్రం బండిలో బుద్ధిగా కూచుని, టిక్కెట్టు రెండు చేతుల్లో పట్టుకుని ఏదో అడిగింది. ఆవిడ ఏమందని ఇందుశేఖర్ గారిని అడిగాను.

"ఎప్పుడు కదులుతుంది అంటోంది. కదలిక అనేది పాత భావన అని చెప్పాను."

ఆవిడ మళ్ళీ ఏదో అడిగి వంగి నమస్కారం పెట్టింది.

"నిలబడి ఉన్న రైలు ఆలస్యంగా ఎలా వచ్చింది అంటోంది. అది మన సంస్కృతి అని చెప్పాను."

పాపం ఆవిడ ఎర్నమ్మ పక్కన చేరి, వాడిన ఆకు ఒకటి చేతిలోకి తీసుకుని నిమిరింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆ సాయంత్రం ఆవిడ కారెక్కుతుంటే, ఎర్నమ్మ "ఎల్లిరా అమ్మా" అంది. ఆ మాటకి అర్థం ఎవరూ చెప్పకుండానే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

గడ్డపాయన ఊరికే వెళ్ళలేదు. మంచుదేశంలో జరగబోయే ప్రపంచ రైలు ప్రేమికుల మహాసభలో స్థిర రైలు గురించి ముఖ్య ప్రసంగం చేయమని ఇందుశేఖర్ గారిని పిలిచాడు. అక్కడ మెచ్చుకుంటే దేశంలో చిన్నబండ్లన్నీ స్థిరపడిపోతాయట. ఇందుశేఖర్ గారు నేల మీద నడవడం మానేశారు.

ఎర్నమ్మ ఒకరోజు పొద్దున్న నా దగ్గరకొచ్చి గట్టిగా చెప్పింది. "మేస్టారూ, ఆ మాట నానే సెప్పేత్తాను. కోటపాడులో మా సెల్లి కాడ ఉండిపోతాను. మా ఆయన ఆకులు కోసి ఎలాగో బండెక్కిస్తాడు. బండి నడిస్తే తోట బతుకుద్ది."

"చిట్టియ్యను చూడకుండా ఉంటావా?"

"ఆయనే రావాల ఆడికి. మోకాళ్ళు బాగుంటే వస్తాడు," అని మొహం తిప్పేసుకుంది.

ఎలా వద్దనాలో తెలియక ఆవిడ వెంట స్టేషనుకు వెళ్ళాను. ఊరు ఊరంతా పోగయింది. చిట్టియ్యను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. ఎర్నమ్మ వైకుంఠరావు గారి ఎదుట నిలబడి, చెంగు బిగించి, ఊపిరి పీల్చుకుంది.

"బాబూ, నాను... ఎల్..."

ఆవిడ చూపు చిట్టియ్య మీద పడింది.

"...ఎల్లొస్తాను."

నాలుక దానంతటది అనేసింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. పుట్టి బుద్ధెరిగాక ఆ ముక్క లేకుండా ఆ మాట అన్న మనిషి కాదు మరి. చివరికి నెత్తి కొట్టుకుని ప్లాట్‌ఫారం మీద కూలబడిపోయింది. "సావనైనా సస్తాను గాని నా నోట రాదు మేస్టారూ!" చిట్టియ్య కుంటుతూ వచ్చి పక్కన కూచున్నాడు. "రాకపోతే పోనీలే. ఎవలికి రావాల ఆ పాడు మాట?" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మాట్లాడిన మాట అదే.

ఆ వారమే తుపాను పట్టింది. సరిగ్గా దానికి ముందురోజు ఇందుశేఖర్ గారు మహాసభలో చూపించడానికి స్థిర రైలును వీడియో తీయించుకోవాలని వచ్చి, అతిథిగృహంలో బస చేశారు. తెల్లారేసరికి గెడ్డ రోడ్డెక్కి కూచుంది. ఆయన కారు బయల్దేరి, నీళ్ళు చూసి, వెనక్కొచ్చింది. కోటపాడులో మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్ అందుకోకపోతే విమానం లేదు. విమానం లేకపోతే మంచుదేశం లేదు, మహాసభా లేదు.

ఆయన పెట్టె పట్టుకుని పరుగున స్టేషనుకొచ్చారు. "కూర్మయ్యా! బండి తియ్యి!"

కూర్మయ్య ఇంజనులో లేచి నిలబడ్డాడు. అయినా చెయ్యి కదపకుండా స్టేషన్ మాస్టరు వైపు చూశాడు. వైకుంఠరావు గారు వానలో తడుస్తూనే వచ్చారు. చేతులు కట్టుకుని అడిగారు.

"అయ్యా, తమరి ప్రయాణ స్వభావం?"

"విదేశం వెళ్ళొస్తానయ్యా, త్వరగా!"

"వెళ్ళొస్తారా?" వైకుంఠరావు గారి మొహం వాడిపోయింది. "అయితే నికరం సున్నా అయ్యా. తమరు పెట్టెలో ఎక్కి కూచోండి. కుదుపు సహాయకులూ! అయ్యగారికి కొంచెం గట్టిగా ఊపండి!"

నలుగురూ గునపాలు పట్టుకుని సిద్ధమయ్యారు. తడిసిన గుడ్డ మీద ఆవు మెల్లగా కదిలింది.

"మూర్ఖుడా! నేను రాసిన నియమం నాకే చెప్తావా?"

"తమరు రాసింది కనకే అయ్యా. వేరెవరైనా రాసి ఉంటే సాహసించేవాణ్ణే."

ఇందుశేఖర్ గారు గడియారం చూశారు, గెడ్డ వైపు చూశారు, నా వైపు చూశారు. "మాస్టారూ, ఇది కేవలం భాషకు సంబంధించిన విషయం కదా?"

"అవునండి. రెండే క్రియలు. ఒకటి మింగెయ్యండి," అన్నాను. ఇన్ని రోజుల కడుపుమంట ఆ ఒక్క మాటతో చల్లారింది.

ఆయన నిటారుగా నిలబడ్డారు. పుట్టింది ఆయనా తెలుగింట్లోనే. తల్లి ఆయన్ని ప్రతిసారీ వెళ్ళిరా నాయనా అనే పంపి ఉంటుంది. గుటక మింగారు, ఇంకో గుటక మింగారు.

"వెళ్తాను," అన్నారు. "రాను."

ఎర్నమ్మ రెండు చెవులూ మూసుకుని, "శివశివా" అంది. అంతలో కూర్మయ్య వేసిన కూతకు ఊళ్ళో కుక్కలన్నీ అరిచాయి. ఇందుశేఖర్ గారితోపాటు అందరం ఎగబడి పెట్టె ఎక్కాం. ఇంజను దగ్గింది, దగ్గింది, ఒక్క ఊపు ఊగి కదిలింది. రంగుల గుడ్డ ఇనప కొక్కేనికి చిక్కుకుని చిరిగి, కొండలూ తాడిచెట్లూ ఆవూ కూడా కాసేపు మావెంట వచ్చి పట్టాల పక్కన పడిపోయాయి. ఎర్నమ్మ మోపులు పెట్టెలోకి విసిరి తనూ ఎక్కింది. రోజూ పొద్దున్నే ఆకులు కొయ్యడం మానలేదు ఆవిడ. ఎందుకో నేనూ అడగలేదు.

పెట్టె కిక్కిరిసిపోయింది. ఇందుశేఖర్ గారికి కిటికీ పక్కన చోటిచ్చి, ఎర్నమ్మ ఒక మోపు ఆయన ఒళ్ళో పెట్టింది. "కాసేపు పట్టుకోండి బాబూ, నలిగిపోతాయి." ఆయన పట్టుకున్నారు. బండి జీడితోటలు దాటింది, గెడ్డ వంతెన ఎక్కింది. కింద ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి, కొండ మీంచి కొత్తగా పుట్టిన జలపాతాలు నాలుగైదు తెల్లగా దూకుతున్నాయి. తడిగాలికి ఆయన జుట్టంతా రేగిపోయింది.

"మాస్టారూ," అన్నారు చివరికి, "ఇది... కదులుతోంది కదా. ఎంత బావుంది!"

అన్ని దేశాల రైళ్ళెక్కిన మనిషి, చంటిపిల్లాడిలా కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది. "నియమం మార్చెయ్యండి సార్," అన్నాను.

"అదే అనుకుంటున్నాను. వెంటనే సంఘాన్ని సమావేశపరిచి..." అని ఆగిపోయారు. సంఘం జీలుగువలస ప్లాట్‌ఫారం మీదే కూచోవాలి, అధ్యక్షుల సమక్షంలో. అధ్యక్షులు జీలుగువలసలో అడుగు పెట్టిన తక్షణమే బండి ఆగుతుంది, సంఘం తీర్మానం చేసేదాకా కదలదు. ఆ సంఘం ఒక తీర్మానం చెయ్యడానికి ఎంతకాలం పడుతుందో ఆయనకన్నా తెలిసినవాళ్ళు లేరు. ఒళ్ళో ఆకుల మోపు సరిగ్గా సర్దుకున్నారు.

కోటపాడులో ఎక్స్‌ప్రెస్ సిద్ధంగా ఉంది. ఆయన దిగి, మోపు జాగ్రత్తగా ఎర్నమ్మకు అందించి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఎర్నమ్మా, ఈ బండి కోసం నేను తప్పకుండా మళ్ళీ వస్..."

"వద్దు బాబూ!" అని పెట్టె పెట్టంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఎర్నమ్మ చేతులు జోడించింది. "ఎల్లండి బాబూ," అంది. మిగతా సగం మాట గొంతు దాకా వచ్చింది. చెంగు నోట్లో కుక్కుకుని ఆపుకుంది. ఎక్స్‌ప్రెస్ కనుమరుగయ్యేదాకా చెంగు తియ్యలేదు.

చిన్నబండి ఇప్పుడు రోజూ నడుస్తోంది. ఆలస్యంగానే అనుకోండి. హోటళ్ళు మళ్ళీ ఆకులు అడుగుతున్నాయి. మహాసభలో ఇందుశేఖర్ గారు ఏం మాట్లాడారో తెలియదు గాని, అక్కడివాళ్ళు ఆయన్ని ఉండిపొమ్మన్నారని, ఉండిపోయారని విన్నాం. వైకుంఠరావు గారు మాత్రం ఇప్పటికీ ఏ కారు చప్పుడైనా ఉలిక్కిపడి ప్లాట్‌ఫారం చివరికి పరిగెత్తి చూసి వస్తారు. ఎర్నమ్మ రోజూ బండెక్కగానే, ఆకుల మోపు నా కాళ్ళ మీద పెట్టి, కొండల వైపు తిరిగి దండం పెడుతుంది.

"ఎక్కడున్నా సల్లగా ఉండాల, ఆ బాబు. అక్కడే ఉండాల."